ఒకే దుంగలోంచి పలికే నాదం

వయొలిన్ పైపలకను స్ప్రూస్ కర్రతో, అడుగుపలకను మేపుల్ కర్రతో చేసి జిగురుతో అతుకుతారు. మరి కుండ, దండి రెండింటినీ ఒకే పనస దుంగలోంచి తొలిస్తే? అదే బొబ్బిలి వీణ. విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి శిల్పులు, ఒకప్పటి సంస్థానాధీశుల ఆదరణతో ఈ విద్యను పెంపొందించుకున్నారు.

దండి మీద 24 మెట్లను మైనంపై అమరుస్తారు. తంతి పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. కాబట్టి మొదటి 12 మెట్లు తంతిలో సగం పొడవును ఆక్రమిస్తే, తరువాతి 12 మెట్లకు నాలుగో వంతు చాలు. ఈ లెక్కను శిల్పి చెవితోనే సరిచూస్తాడు.

ఈ నాదంలో ఒక చిక్కుముడి ఉంది. తంతిని ఏ బిందువు వద్ద మీటుతామో, అక్కడ అస్పందన స్థానం గల అతిస్వరాలు వినిపించకూడదని థామస్ యంగ్ సూత్రం. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1918లో వయొలిన్ కంపనాలపై గ్రంథం వెలువరించారు. 1921లో వీణపై తన పరిశీలనలు ప్రచురిస్తూ, ఆ అతిస్వరాలు వీణలో వినిపిస్తాయని తెలిపారు. ఇందుకు కారణం బ్రిడ్జి. వయొలిన్ బ్రిడ్జి అంచు సన్నగా ఉంటుంది. వీణ బ్రిడ్జి పైభాగం వెడల్పుగా, కొద్దిపాటి వంపుతో ఉంటుంది. కంపించే తంతి ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉండటం వల్ల, లోపించవలసిన అతిస్వరాలు తిరిగి పుడతాయి.

సూత్రం పుస్తకంలో భద్రంగా ఉంటుంది. ఆ వంపును సరిగ్గా దిద్దే నేర్పు మాత్రం శిల్పి చేతిలోనే ఉంటుంది. పనస చెట్టు ముదరటానికి దశాబ్దాలు పడుతుంది, శిల్పి చేయి తిరగటానికి ఏళ్లు పడుతుంది. రెండింటిలో ఏది కరవైనా ఆ నాదం మూగబోతుంది.