జపాను అక్షరాలు, జ్ఞాపక కళ: రిచ్చి నుండి హైసిగ్ వరకు

వారాసిగూడకు పొరుగునే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, ఆ ప్రాంగణాన్ని ఆనుకొని తార్నాక వైపున ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నాయి. 1958లో కేవలం ఆంగ్ల బోధన కోసం ఏర్పడిన ఈ సంస్థ 1972లో విదేశీ భాషలను చేర్చుకొంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అక్కడ బోధించే భాషలలో జపనీస్ ఒకటి. హిరగాన, కతకాన అనే రెండు వర్ణమాలలు నేర్చుకొనేంతవరకు తెలుగు విద్యార్థికి పెద్ద కష్టముండదు. అవి మన గుణింతం వలెనే ధ్వనిని చూపే అక్షరాలు. కష్టమంతా చైనా నుండి వచ్చిన కంజిలతోనే. జపాను ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవ్యవహార పట్టికలో ఇవి 2,136. వీటిని గుర్తుంచుకొనే మార్గాన్ని వెదకినవారిలో ఇద్దరు క్రైస్తవ పండితులు ముఖ్యులు. వారి చరిత్ర మన ప్రసంగ వేదికకు కూడా సంబంధించినదని మేము భావిస్తున్నాము.

మొదటివాడు మత్తయి రిచ్చి. ఇటలీలో జన్మించిన ఈ జెస్యూట్ 1578లో గోవాకు వచ్చి, 1580లో కొచ్చిలో గురుపట్టాభిషేకం పొంది, 1583లో చైనాలో ప్రవేశించాడు. గ్రీకు, రోమా వక్తల నుండి వచ్చిన జ్ఞాపక కళలో అతడు నిపుణుడు. మనస్సులో ఒక భవనాన్ని నిర్మించుకొని, గదిగదిలో ఒక్కొక్క బొమ్మను నిలిపి, తిరిగి ఆ గదులలో నడుస్తూ విషయాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవడం ఆ కళ. 1596లో నాన్చాంగ్ నగరంలో ఉంటూ, రాజోద్యోగ పరీక్షలకు సిద్ధపడుతున్న అక్కడి గవర్నరు కుమారుల కొరకు చైనా భాషలోనే దీనిపై ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అందులో యుద్ధమనే అర్థంగల అక్షరాన్ని రెండుగా విడదీశాడు. ఒక భాగం ఈటె, మరొకటి ఆపడం. ఈటె ఎత్తిన యోధుడు ఒకడు, అతని చేయి పట్టి ఆపుతున్న యోధుడు మరొకడు: అదే బొమ్మ. గవర్నరు పెద్ద కుమారుడు మాత్రం, సూత్రాలు సరియైనవే గాని వాటిని వాడడానికే గొప్ప జ్ఞాపకశక్తి కావాలని వ్యాఖ్యానించినట్లు రిచ్చి లేఖ వలన తెలుస్తుంది. హెబ్రీ క్రియారూపాలు వల్లించిన మన విద్యార్థులకు ఆ మాటలోని చమత్కారం వివరించనక్కరలేదు.

రెండవవాడు జేమ్స్ హైసిగ్. మతతత్త్వ పండితుడైన ఈయన నగోయాలోని నాన్జాన్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం పనిచేశాడు. జపాను చేరిన కొత్తలో తన కొరకు కల్పించుకొన్న పద్ధతిని 1977లో పుస్తకంగా ప్రకటించాడు. ప్రతి కంజిని చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి పేరు పెట్టి, వాటిని కలిపే కథను ఊహించుకోవాలి. స్త్రీ ప్రక్కన బిడ్డ ఉంటే ఇష్టం. చెట్టుకు ఆనుకొన్న మనిషి విశ్రాంతి. ఉచ్చారణను ఈ దశలో ప్రక్కన పెడతారు. తన కథలు చాలావరకు అక్షరాల అసలు పుట్టుకతో సంబంధం లేనివని హైసిగ్ దాచలేదు. మా దృష్టిలో ఆ పుస్తకం యొక్క గొప్ప గుణమిదే.

ఊహ మనకు కొత్త కాదు. తలకట్టు, గుడి, కొమ్ము, సుడి అని అక్షరపు గుర్తులకు పేర్లు పెట్టినది మన పంతుళ్లే. "ককు కొమ్మిస్తే కు" అని పాడిన పిల్లవాడు కొమ్మును కంటితో చూస్తాడు. అయితే కొమ్ము అన్న పేరు వలన ఆ గుర్తు ఎద్దు తల నుండి పుట్టిందని ఎవరూ వాదించరు.

కంజిల విషయంలో అటువంటి వాదమే జరిగింది. సి. హెచ్. కాంగ్, ఎతెల్ నెల్సన్ 1979లో ప్రకటించిన పుస్తకం ఆదికాండ వృత్తాంతాలు చైనా అక్షరాలలో దాగియున్నవని చెప్పింది. ఓడ అనే అక్షరంలో పడవ, ఎనిమిది, నోరు ఉన్నాయి గనుక అది నోవహు కుటుంబంలోని ఎనిమిదిమందిని సూచిస్తుందట. నీతి అనే అక్షరంలో 'నేను' మీద గొర్రె ఉంది గనుక గొర్రెపిల్ల నన్ను కప్పుతుందట. ఈ ఉదాహరణలు విని మేమూ ఆనందించాము. కాని ఓడ అక్షరపు కుడిభాగం సీసం అనే అక్షరంలోనూ, ఒడ్డు వెంబడి సాగడం అనే అక్షరంలోనూ ఉంది. అక్కడ ఆ ఎనిమిదిమందికి పనేమిటి? అది ధ్వనిని సూచించే భాగం మాత్రమే. చైనా అక్షరాలలో అత్యధికం ఈ విధంగా ఒకవైపు అర్థాన్ని, మరొకవైపు ధ్వనిని చూపేవే. 'నేను' అనే భాగం కూడా మొదట ఒక ఆయుధపు బొమ్మ. ధ్వని సామ్యం వలన ఆ అర్థానికి అరువు తెచ్చుకొన్నారు. 1961లో జేమ్స్ బార్ హెబ్రీ, గ్రీకు పదాల విషయంలో ఎత్తిచూపిన పొరపాటు, అనగా పుట్టుకనుబట్టి అర్థాన్ని, ఆపై సిద్ధాంతాన్ని లాగడం, ఇక్కడ అక్షరానికి దిగింది. పైగా ఇక్కడ ఆ పుట్టుక కూడా కల్పితమే.

రిచ్చి బొమ్మకు కూడా ఇటువంటి చరిత్రే ఉంది. ఈటెను ఆపడమే యుద్ధశౌర్యమనే వివరణను క్రీస్తుపూర్వపు చైనా గ్రంథాలే చెప్పాయి. కాని ఆ రెండవ భాగం మొదట పాదపు బొమ్మ. ఈటె పట్టి అడుగు ముందుకు వేయడమే ఆ అక్షరపు పూర్వార్థమని నేటి లిపి పరిశోధకులు అనేకులు భావిస్తున్నారు.