రంగం వెళ్ళినవారి లెక్క

సిక్కోలు, విజయనగరం పల్లెల్లో రంగూనును రంగం అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి, అక్కడి రేవులో బస్తాలు మోయడానికీ బియ్యం మిల్లుల్లో పనికీ పోయేవారు. కూలీ మీద అప్పెంతో మేస్త్రీ చిట్టాలో వుండేది. టిక్కెట్టు లెక్క ఓడ కంపెనీకి తెలుసు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిపించాయి. లక్షలమంది భారతీయులు అరకాను వైపూ మణిపురం వైపూ కొండదారులు పట్టారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవారు పదివేలని కొందరు, యాభైవేలకు పైనని మరికొందరు చరిత్రకారులు అంటారు. ఈ రెండంకెల నడుమ నలభైవేల ప్రాణాలున్నాయి! మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం 1942 బర్మా తిరోగమనమంటే సైన్యాల కథే.

ఇంటి దగ్గర మిగిలిన ఆడది భార్యా, విధవా? 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షను ప్రకారం ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టు భావించవచ్చు. 2023 చట్టంలో అదే 111వ సెక్షను. అంటే 1949 దాకా ఆమె బొట్టూ, మొగుడి వాటా సెంటు భూమీ రెండూ గాలిలోనే. ఆ తరవాతైనా కోర్టుకెక్కే స్తోమతు కూలి యింటికెక్కడిది?

పైగా చట్టం చావును ఊహిస్తుందే గాని, చచ్చిన రోజును ఊహించదు. తద్దినాల మీద నాకు నమ్మకం లేదు. ఆ యింటికి మాత్రం ఒక తిథి కావాలి.