వీడుకోలు ప్రసంగము: కొండవీటి కాలము మొదలుకొని

తెలుగువాడు ఇల్లు విడిచి వీథిలోనికి అడుగు పెట్టునపుడు "పోవుచున్నాను" అనడు. "వెళ్లి వచ్చెదను" అనును. పోవుచున్నానను మాట అమంగళమని పెద్దల నమ్మకము. పొరుగూరి సంతకు పోవువాడును, కాశికి పోవువాడును గడప దాటునపుడు చెప్పునది ఆ ఒక్క మాటయే. ఇట్టి జనులకు ఉద్యోగ విరమణ సభ యొక చిక్కు తెచ్చిపెట్టినది. ముప్పది యేండ్లు ఒకే కచేరీలో, ఒకే బల్లకడ కూర్చున్న మనిషి తోడివారి యెదుట నిలిచి, ఇక రానని చెప్పవలెను. ఆ మాట ఏడువక చెప్పవలెను. నవ్వించుచు చెప్పినచో మరియు మంచిది. ఈ విద్య మన గుంటూరు, ప్రకాశము మైదానములలో ఎట్లు పెరిగినదో, దానిని ఎవరు బాగుగా నెరపిరో ఈ ప్రసంగమున కొంత విచారింతము.

నవ్వును, కన్నీరును ఒకచోట కలుపుట మనకు క్రొత్త కాదు. పెండ్లి పందిరిని తలచుకొనుడు. ఒక మూల వియ్యపురాలిని ఎత్తిపొడుచు పాటలు సాగుచుండును; ఆమె మాట తీరు మొదలు చీర కట్టువరకు దేనిని విడువరు. మరికొంతసేపటికి ఆ స్త్రీలే, ఆ గొంతుకలతోనే, అప్పగింతల పాట ఎత్తుకొందురు. అంతవరకు నవ్విన పందిరి నిశ్శబ్దమగును. పిల్లను సాగనంపుటకు పూర్వులు ఏర్పరచిన క్రమము ఇది. కచేరీలలోని వీడుకోలు సభకు ఇంతకంటె మంచి మాదిరి వేరొకటి నాకు కనబడదు. మనవారు దానిని చాలకాలము మరచి, ఇంగ్లీషు వారి వరవడిని పట్టుకొనిరి. ఆ సంగతికి తరువాత వత్తము.

ఈ నేలమీద తొలి వీడుకోలు ప్రసంగము ఎవరిదని అడిగినచో నేను శ్రీనాథునిదని చెప్పుదును. రెడ్డిరాజులు మొదట అద్దంకిలోను, పిమ్మట కొండవీటిలోను రాజధాని నిలిపి యేలిన సంగతి శ్రోతలు ఎరుగుదురు. పెదకోమటి వేమారెడ్డి కాలమున శ్రీనాథుడు ఆ ఆస్థానమున విద్యాధికారి. విద్యాధికారి యనగా ఊరక పద్యములు చెప్పుకొనువాడు కాడు. పండితులను పరీక్షించుట, శాసనములకు వాక్యము కూర్చుట మొదలైన పనులు గల నిజమైన ఉద్యోగము అది. 1409 నాటి ఫిరంగిపురము శాసనమును రచించినది ఈ విద్యాధికారియే. 1424 ప్రాంతమున కొండవీటి రాజ్యము అంతరించినది. ఉద్యోగము పోయినది. ఆనాడు పింఛను లేదు. కవి సేద్యమునకు దిగినాడని, బొడ్డుపల్లెను గుత్తకు పుచ్చుకొన్నాడని, పంటలో కొంత కృష్ణవేణి కొనిపోగా కొంత పక్షుల పాలైనదని, ఏడువందల టంకముల శిస్తు కట్టలేకపోయినాడని ప్రసిద్ధములైన చాటువులు చెప్పుచున్నవి. ఈ చాటువులు ఆయనవి యగునా కావా యని పండితులు తర్కించిరి. ఆ తర్కము అట్లుండనిండు. తెలుగు జనము వానిని ఆయనవిగానే కాపాడుకొన్నది. కొండవీటి పెద్ద ఉద్యోగి ఎట్లు సెలవు పుచ్చుకొనవలెనని తాము కోరిరో అట్లే నోట నిలుపుకొన్నది.

అందు కడపటి చాటువును చూడుడు. తనను ఆదరించిన ప్రభువులు ఒక్కొక్కరే స్వర్గమునకు పోయిరని, ఇక తన్ను అడుగువారెవరని మొదట దుఃఖించును. పిమ్మట కవి హఠాత్తుగా తలయెత్తి, తాను అమరపురికి బయలుదేరుచున్నానని, ఆ వార్తకే అచ్చటి కవుల గుండెలు అదరుచున్నవని ప్రకటించును. క్రొత్త అధికారి బదిలీమీద వచ్చుచున్నాడని విన్న గుమాస్తాలవలె దేవలోకపు కవులు బల్లలు సర్దుకొనుచున్నట్లు మన కన్నులకు కట్టును. చచ్చిపోవుచున్నవాడు ఆ మాట అనుచున్నాడని తెలిసియు నవ్వెదము; నవ్విన వెంటనే గొంతు పట్టుకొనును. నవ్వు ముందో, నొప్పి ముందో తేల్చుకొనుటకు వీలు లేదు. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు చేసినట్లు చెప్పెడి పరిహాసములు కూడ ఉన్నవి. అవియు చమత్కారములే; పల్నాటివారు పెద్దమనసుతో వానిని తామే చదివి నవ్వుకొందురు. కాని ఆ నవ్వు ఇతరుల కంచము మీదిది. కడపటి చాటువులోని నవ్వు తన మీదనే వేసికొన్నది. నా దృష్టిలో ఈ రెండింటికి గల దూరము కొండవీటికి అమరపురికి గల దూరమంత.

ఇంగ్లీషు ప్రభుత్వము వచ్చిన తరువాత ఉద్యోగమునకు ఒక ఆదియు, ఒక అంతమును ఏర్పడినవి. గుంటూరు 1794లో ప్రత్యేకముగా కలెక్టరు కచేరీ గల జిల్లా యైనది. 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయినది. 1904లో మరల వేరుపడినది. జిల్లాకే ఇన్ని బదిలీలు జరుగగా, అందలి ఉద్యోగుల మాట చెప్పనేల! తహశీలుదారు, మునసబు, పోలీసు అధికారి నేడు బాపట్లలో, మరునాడు ఒంగోలులో. ప్రతి బదిలీకి ఒక సభ. ప్రతి సభకు ఒక సన్మాన పత్రము. 1922 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన మౌలిక నిబంధనలు 55 యేండ్లు నిండగానే ఉద్యోగి దిగవలెనని స్థిరపరచినవి. నాటినుండి వీడుకోలు సభకు పంచాంగమువలె ముందుగనే తిథి తెలియుచు వచ్చినది.

ఆ సన్మాన పత్రములు నేటికిని కొన్ని పాత యిండ్లలో గోడలమీద గాజు పలకల వెనుక కనబడును. చుట్టును తీగల అంచు, నడుమ పెద్ద యక్షరములు. అందులో ప్రతి అధికారియు ధర్మమూర్తి, ప్రతి అధికారియు దీనబాంధవుడు. ఇరువది పత్రములు చదివినను ఒక మనిషికిని మరియొక మనిషికిని భేదము తెలియదు. తెలుగు పద్యములు కావలసి వచ్చినపుడు ఉన్నత పాఠశాల పండితునకు కబురు పోవును. కొప్పరము నుండి వచ్చి ఆశువుగా పద్యములు కురిపించిన కొప్పరపు సోదర కవుల సీమ యిది. గుఱ్ఱము జాషువయు, జంధ్యాల పాపయ్య శాస్త్రియు తెలుగు బోధించుచు బ్రతికిన ఊరు గుంటూరు. పద్యములకు కరవేమి? అయితే అందరును జాషువలు కారు. ఒకరికి చెప్పిన పంచరత్నములనే పేరు మార్చి వేరొకరికి చెప్పువారును ఉండిరి. గణములకు లొంగని పేరుగల అధికారి వచ్చినపుడు మాత్రమే వారికి శ్రమ.

మాటలకంటె పని మేలని చూపిన వీడుకోలు ఒకటి కలదు. సర్వేపల్లి రాధాకృష్ణయ్య మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్రము బోధించి, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయమునకు పోవునపుడు, విద్యార్థులు పూలతో అలంకరించిన బండికి గుఱ్ఱములను విప్పివేసి, తామే కాడి పట్టి రైలు స్టేషను వరకు లాగికొనిపోయిరి. అచ్చట ఎవరేమి ప్రసంగించిరో నేడు ఎవరును చెప్పరు. ఆ బండిని మాత్రము మరువలేదు. తరువాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై వచ్చినపుడును, రాష్ట్రపతి యైనపుడును జనులు చెప్పుకొన్న కథ అదియే.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. సభ ఎవరికి జరుగును? అధికారికి తప్పక జరుగును. గుమాస్తాకు సాధారణముగా జరుగును. ఉదయము తలుపు తీసి, కుండలో నీరు నింపి, సాయంకాలము తాళము వేసిన జవానుకు ఒక్కొక్కచోట జరుగును, ఒక్కొక్కచోట జరుగదు. గుంటూరు మిరప వ్యాపారమున తొడిమలు తీయు స్త్రీలకు ఏ దినమున చేయి ఆగునో ఆ దినమే విరమణ. దినమెల్ల ఎఱ్ఱని రాశులముందు కూర్చుండి, ఘాటునకు దగ్గుచు, చేతుల మంటకు ఓర్చుకొని యేండ్లు గడిపినవారు. ఒకనాడు ఆమె రాదు. ఆ చోట మరియొకతె కూర్చుండును. పూలదండ లేదు, ప్రసంగము లేదు. ప్రత్తి మిల్లులలో దూది దుమ్ము పీల్చినవారికిని అనేకులకు ఇంతే. అట్టివారిని గూర్చి వారి యెదుట నాలుగు మాటలు చెప్పవలసివచ్చినపుడు, ధర్మమూర్తి, దీనబాంధవుడు అను పలుకులు ఎందుకును పనికిరావని వెంటనే తెలియును. వారి పనిని చూచినవాడే మాటలాడగలడు.

మంచి ప్రసంగమునకు మొదటి గుట్టు అదియే ననుకొందును. రికార్డు గదిలో ముప్పది యేండ్లు పనిచేసిన గుమాస్తాను ఊహించుకొందము. "వీరు నిజాయితీపరులు, కష్టజీవులు" అనినచో సభలోనివారు గోడ గడియారము చూతురు. "ఈ గదిలో ఏ కాగితము ఎచ్చట నున్నదో తెలిసినవారు ఇద్దరే. ఒకరు వీరు, రెండవవి చెదపురుగులు. వీరు నేడు సెలవు పుచ్చుకొనుచున్నారు. రేపటినుండి మేము చెదపురుగులను అడుగవలసి యుండును" అనినచో నవ్వెదరు. ఆ నవ్వు అణగక ముందే, కౌలు తగవులో పొలము పోగొట్టుకొనబోయిన రైతునకు సాయంకాలము కచేరీ మూసిన పిమ్మట దీపము పెట్టి పాత అడంగలు వెదకి యిచ్చిన సంగతి చెప్పవలెను. అప్పుడు వేరుగా స్తుతి చేయ నక్కరలేదు. ఆ గుమాస్తా తల వంచుకొనును.

రెండవ గుట్టు కారము పాళ్లు తెలియుట. మన ఆడవారు పండుమిరపకాయల పచ్చడి తొక్కునపుడు చింతపండు, ఉప్పు చేతితోనే అంచనా వేయుదురు. పరిహాసమునకును అట్టి చేయి కావలెను. కారము మించినను కంట నీరు వచ్చును. అది అభిమానపు నీరని ప్రసంగకర్త భ్రమపడును. వెళ్లిపోవువాని అప్పులు, జబ్బులు, ఆగిపోయిన ప్రమోషను హాస్యమునకు వస్తువులు కావు. తెనాలి చెంత సంగం జాగర్లమూడిలో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావు ఈ పాళ్లు తెలిసినవాడు. తాను బడిపంతులై, బడిపంతులు ఇంటిలోని చిన్న చిన్న తగవులను కాంతం కథలుగా వ్రాసినాడు. అందు ఓడిపోవునది ఎప్పుడును కథ చెప్పు భర్తయే. అందుచేతనే ఆ కథలు చదివి భార్యలును నవ్విరి. "రేపటినుండి నాకు ఇంటిలో క్రొత్త అధికారి" అని ప్రతి విరమణ సభలోను వినబడు చమత్కారము ఆ దారిలోనిదే గాని, మూడు తరముల వాడుకచే అరిగిపోయినది. దానిని కూడ ఇక విరమింపజేయవచ్చును.

ఇన్ని సభలు జరిగిన మన నాట, ఒకే సాయంకాలమున అన్నింటికంటె ఎక్కువ వీడుకోలు సభలు జరిగిన దినము 1983 ఫిబ్రవరి 28, సోమవారము అని చెప్పుటకు నేను సంకోచింపను. ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల విరమణ వయస్సు 1979 అక్టోబరులో 55 నుండి 58కి పెరిగినది. 1983 జనవరిలో అధికారమునకు వచ్చిన నందమూరి తారక రామారావు ప్రభుత్వము, నిరుద్యోగులైన యువకులకు చోటు కల్పింపవలెనని, ఫిబ్రవరి 8న దానిని మరల 55కు దించినది. 55 దాటి 58 నిండనివారందరును ఆ నెలాఖరుననే దిగవలెను. 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఇట్లు దిగిరి. ప్రభుత్వ సంస్థలలోనివారు వేరు. తమ విరమణ దినము ముందుగనే తెలిసి, దానిని బట్టి కూతురి పెండ్లి, ఇంటి అప్పు లెక్క వేసికొన్నవారికి ఇరువది దినములు మాత్రమే మిగిలినవి. అధ్యక్షత వహింపవలసిన అధికారియు, వందన సమర్పణ చేయవలసిన గుమాస్తాయు ఒకే దినమున దండలు వేయించుకొన్న కచేరీలు కొన్నియైన ఉండి యుండవలెను. అట్టి సభలో హాస్యమాడుటకు ఎంత గుండె కావలెనో ఆలోచింపుడు.

కథ అచ్చట ముగియలేదు. 1984 ఆగస్టులో వేమూరు శాసనసభ్యుడైన నాదెండ్ల భాస్కరరావు కొలదికాలము ముఖ్యమంత్రి యైనపుడు, ఆ నెల 23న వెలువడిన ఆర్డినెన్సు వయస్సును తిరిగి 58 చేసినది. నడుమ దిగిపోయినవారి గతి యేమి? వారు సుప్రీంకోర్టున వాదించిరి. 1985లో న్యాయస్థానము వారి మొర ఆలకించి, ఇంకను 58 నిండనివారిని మరల ఉద్యోగములలోనికి తీసికొనవలెనని తీర్పు చెప్పినది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయస్సు 2014లో 60కిని, 2022లో 62కిని పెరిగినది. అయినను దండలు వేయించుకొని, శాలువ కప్పించుకొని, కండ్లు తుడుచుకొని పోయినవారు తీర్పు కాగితము చేతబట్టుకొని కచేరీ మెట్లెక్కుట ఆ యొక్క పర్యాయమే పెద్దయెత్తున జరిగినది. "వెళ్లి వచ్చెదను" అను తెలుగు మాటను అక్షరాల చెల్లించుకొన్న ఉద్యోగులు వీరు.

వారిలో పెక్కుమందికి కొన్ని నెలలకో, ఏడాదికో 58 నిండినవి. మరల సభ జరుపవలెను. గడియారము ఒకమారు ఇచ్చివేసినారు. మొదటి సభలో "వీరు లేని లోటు ఎన్నటికిని తీరదు" అని కంఠము రుద్ధమై పలికిన సహోద్యోగి, లోటు తీరి రెండేండ్లకు ఎదుట కూర్చున్నవానిని చూచుచు, రెండవమారు ఏమని మొదలుపెట్టవలెను?