విద్యార్థుల ప్రాజెక్టులు – వెలుపలి సంస్థలు: ఒక చారిత్రక పరిశీలన

కాచిగూడ, కోఠి, ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములలో నివసించు మన సంఘ కుటుంబములలో కంప్యూటరు చదివిన బిడ్డ లేని ఇల్లు నేడు అరుదనియే చెప్పవచ్చును. ఆ చదువు చివరి సంవత్సరమునకు వచ్చుసరికి “ప్రాజెక్టు” అను మాట ఇంటింటను వినబడును. తల్లిదండ్రులు దాని ఖర్చు ఎంతయని అడుగుదురే గాని, అది ఎవరి కొరకని అడుగుట తక్కువ. విద్యార్థి చేయు సాఫ్ట్‌వేరు పరీక్షకుని సంతకము కొరకా, లేక ఆ పని నిజముగా అవసరమైన ఒక సంస్థ కొరకా? ఈ ప్రశ్నకు వందేండ్లకు పైబడిన చరిత్ర గలదు. దానిని క్లుప్తముగా పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన కాచిగూడ రైల్వే స్టేషను భవనము నిజాము కాలమున 1916లో నిర్మింపబడినది. అదే సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు రసాయన ఇంజనీరింగు విద్యార్థులను కర్మాగారములకు పంపి, అక్కడి నిజమైన చిక్కులపై పని చేయించు “ప్రాక్టీసు స్కూలు”ను ప్రారంభించిరి. తరగతి గదిలో ఇచ్చు లెక్కకు జవాబు ముందే ఉండును. కర్మాగారములో ఎదురగు లెక్కకు జవాబు ఎవరి యొద్దను ఉండదు. ఈ తేడాను విద్యార్థి చవిచూడవలెనన్నదే ఆ ఏర్పాటు వెనుకనున్న ఆలోచన.

1963లో కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ వారు దీనినే మరియొక రీతిగా నడిపిరి. వైద్య విద్యార్థులు ఆసుపత్రిలో రోగులను చూచి నేర్చుకొనునట్లు, ఇంజనీరింగు విద్యార్థులు వెలుపలి సంస్థల సమస్యలను తీసికొని నేర్చుకొనవలెనని తలంచి, దానికి “క్లినిక్” అనియే పేరు పెట్టిరి. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో కూటమి ఆధ్వర్యమున జరిగిన సమావేశము “సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు” అను పేరును లోకమునకు పరిచయము చేసినది. పెద్ద ప్రోగ్రాములు గడువు దాటుచున్నవి, ఖర్చు మించుచున్నవి, కోరినది ఒకటి, వచ్చినది మరియొకటి అగుచున్నది అన్నవే అక్కడ చర్చింపబడిన బాధలు. 1977లో టొరాంటో విశ్వవిద్యాలయపు అధ్యాపకులు హార్నింగ్, వోర్ట్‌మన్ గారలు తమ తరగతినే ఒక బజారుగా మార్చిన విధమును ప్రకటించిరి. ఒక జట్టు వ్రాసిన ప్రోగ్రాము భాగమును మరియొక జట్టు కొని, సరిదిద్ది, ముందుకు సాగవలెను. ఇతరులు వ్రాసినది చదువలేని వాడు ఈ వృత్తిలో నిలువలేడని విద్యార్థులు ఆ విధముగా గ్రహించిరి.

మన దేశములో ఈ మార్గమున ముందు నడచినది పిలానీలోని బిట్స్ సంస్థ. సి.ఆర్. మిత్రా గారు డైరెక్టరుగా నున్న కాలమున, 1973లో అచ్చట ప్రాక్టీసు స్కూలు ఆరంభమైనది. విద్యార్థులు కొన్ని నెలలపాటు పరిశ్రమలలోనే ఉండి పని చేయుదురు, అధ్యాపకులు కూడ అక్కడనే ఉండి మార్కులు వేయుదురు. ఆ సంస్థ 2008లో మన నగర శివార్లలోని షామీర్‌పేటలో కూడ ఒక విద్యాలయమును తెరచినది.

హైదరాబాదు నగరము ఈ చదువునకు ముందే సిద్ధమైయుండెను. 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఇక్కడ స్థాపింపబడి, టి.డి.సి. వరుస కంప్యూటర్లను తయారు చేసినది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1974లో వెలసిన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలి దినములలో మన ఆబిడ్సులోని సరోజినీ నాయుడు గారి గృహము “గోల్డెన్ త్రెషోల్డ్” నుండియే నడచినదని మన పెద్దలు ఎరుగుదురు. ఆచార్య వి. రాజారామన్ గారి సంఘము చేసిన సిఫారసు ననుసరించి 1980ల ఆరంభమున ఎం.సి.ఎ. అను మూడేండ్ల చదువు దేశములో మొదలైనది. చివరి సెమిస్టరు మొత్తము ప్రాజెక్టు పనికే కేటాయించుట ఆ చదువులో వాడుకయైనది. విద్యార్థి ఒక సంస్థకు వెళ్లి, అక్కడివారి జీతముల పట్టీయో, స్టోర్సు లెక్కలో కంప్యూటరు మీదికి ఎక్కించి, ఆ సంస్థ అధికారి సంతకము తెచ్చుకొనవలెను. 2020లో ఈ చదువు రెండేండ్లకు కుదింపబడినది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఇంజనీరింగు కాలేజీలు విస్తారముగా పెరిగినవి. విద్యార్థులు వేలాదిగా పెరిగిరి గాని, వారికి పని ఇచ్చి, ఓపికతో కూర్చుండబెట్టుకొను సంస్థలు ఆ లెక్కన పెరగలేదు. ఈ కొరతలో నుండి ఒక వ్యాపారము పుట్టినది. అమీర్‌పేట వైపు వెళ్లిన వారికి “ప్రాజెక్టులు లభించును” అను బోర్డులు తెలియనివి కావు. డబ్బు చెల్లించినచో ప్రోగ్రాము, దాని రిపోర్టు, బైండింగుతో సహా చేతికి వచ్చును. దీనివలన నష్టపడునది కాలేజీ కాదు, దుకాణదారుడు అంతకన్న కాడు. ఇంటి నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రి, ఇంటర్వ్యూలో “ఇది నీవే చేసితివా?” అను మొదటి ప్రశ్నకే తలవంచిన బిడ్డ నష్టపోవుదురు.

ఇదే కాలమున మంచి ప్రయత్నములు కూడ జరిగినవి. 1995లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయము సేవాసంస్థల కొరకు విద్యార్థులు పని చేయు పద్ధతిని ఆరంభించినది. అందు క్రింది తరగతివారు పై తరగతివారితో కలిసి పని చేయుట వలన, పెద్దలు వెళ్లిపోయినను పని ఆగదు. 1996 నుండి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బారీ బోహ్మ్ గారు తమ విద్యార్థి జట్లను అక్కడి గ్రంథాలయముల నిజమైన అవసరములకు జతపరచిరి. మన గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐ.టి.లో కూడ విద్యార్థులు పాఠ్యక్రమములో భాగముగా జట్లు కట్టి, వెలుపలివారు కోరిన సాఫ్ట్‌వేరును నిర్మించుట వాడుకలోనికి వచ్చినది. 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ పేరిట కేంద్ర మంత్రిత్వ శాఖలే తమ చిక్కులను విద్యార్థుల ముందుంచి, 36 గంటలు ఏకధాటిగా పని చేయించినవి. 2018లో ఎ.ఐ.సి.టి.ఇ. వారు ప్రకటించిన నమూనా పాఠ్యక్రమము డిగ్రీకి 160 క్రెడిట్లు నిర్ణయించి, అందు ఇంటర్న్‌షిప్పునకు చోటు కల్పించినది.

అయితే వెలుపలి సంస్థతో పని అనినంత మాత్రమున మేలు జరుగదు. ఒక విద్యార్థి వసతిగృహము తన భోజన లెక్కలకు సాఫ్ట్‌వేరు కోరినదనుకొందము. మొదటి వారము వార్డెను ఒక మాట చెప్పును, మూడవ వారము గుమస్తా మరియొక మాట చెప్పును, పదవ వారము కమిటీవారు వచ్చి ఫీజుల లెక్క కూడ చేర్చుమందురు. సెమిస్టరు పదహారు వారములే. పని సగములో ఆగును. విద్యార్థులు మార్కులు తీసికొని వెళ్లిపోవుదురు. వసతిగృహము మరల పాత రిజిస్టరునే తెరచును. పిల్లలు మోసము చేసిరని వీరు, పెద్దలకు ఏమి కావలెనో తెలియదని వారు అనుకొందురు. తప్పు ఏ ఒక్కరిదియు కాదు, ముందుగా మాట కుదుర్చుకొనకపోవుటయే కారణము.

కనుక అనుభవజ్ఞులు పాటించు నియమములు కొన్ని గలవు. సంస్థ తరపున మాటలాడు వ్యక్తి ఒక్కరే యుండవలెను. ఏమి చేయుదురో, ఏమి చేయరో ఒక కాగితము మీద వ్రాసి ఇరువురు సంతకము చేయవలెను. వారమునకొకసారి కలిసికొని, చేసినంత పని చూపవలెను. మొదట చిన్నదానిని పూర్తి చేసి వాడుకలో పెట్టి, తరువాతనే పెద్దదానిని తలంచవలెను. అధ్యాపకుడు మార్కులు వేయువాడు మాత్రమే గాక, ఇరుపక్షములకు మధ్యవర్తిగా నుండవలెను. చివరి రోజున ప్రోగ్రాము మూలప్రతి, పాస్‌వర్డులు, వాడు విధమును తెలుగులో వివరించు చిన్న పుస్తకము సంస్థకు అప్పగించవలెను. తరువాత మరమ్మతు ఎవరు చేయుదురన్నది మొదటి రోజుననే తేల్చుకొనవలెను.

మరియొక సంగతి మరువరానిది. రిజిస్టరులలో నుండునవి మనుష్యుల వివరములు: పుట్టిన తేదీలు, చిరునామాలు, ఫోను నంబర్లు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు ప్రత్యేక చట్టము చేయబడినది. విద్యార్థులు నేర్చుకొనుటకు అసలు వివరములు అక్కరలేదు, కల్పిత పేర్లతో నమూనా పట్టీ ఇచ్చిన చాలును.

మన సంఘములలో పాఠశాలలు, వసతిగృహములు, గ్రంథాలయములు, ఆసుపత్రులు గలవు. చిరిగిపోవుచున్న రిజిస్టరులు గలవు. మన ఇండ్లలోనే ప్రాజెక్టు కొరకు వెదకుచున్న బిడ్డలును గలరు. ఈ ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టుటకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక సెమిస్టరు కాలము వారమునకొక గంట వెచ్చించగల ఒక పెద్దమనిషి చాలును. అట్టి పెద్దమనిషి దొరికిన చోట బిడ్డకు నిజమైన విద్య, సంస్థకు నిలుచు పని రెండును చేకూరును. ఏ ఇంట ప్రాజెక్టు మాట వినబడినను, “ఎంత ఖర్చు?” అనుటకు ముందు “ఎవరి కొరకు?” అని అడుగుట మనము అలవరచుకొందుము గాక.