మూడవ రాజధాని

దక్షిణ అమెరికా పటమును ముందుంచుకొని చూచినచో, అందు దాదాపు సగభాగము బ్రెజిల్ దేశమే యని మనము గ్రహింపగలము. దాని వైశాల్యము సుమారు 85 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశమునకు రెండున్నర రెట్లకు పైమాటే. అయినను అచ్చటి ప్రజలలో అధికసంఖ్యాకులు చిరకాలము అట్లాంటిక్ తీరమునే అంటిపెట్టుకొని నివసించిరి. రాజధానులును తీరముననే వెలసినవి. పోర్చుగీసువారి కాలమున 1549 నుండి సాల్వడార్, 1763 నుండి రియో డి జెనీరో.

రాజధానిని లోనాటికి తరలింపవలెనను తలంపు పాతదే. 1891 నాటి రాజ్యాంగము అందులకై మధ్య పీఠభూమిలో స్థలమును ప్రత్యేకించినది. ఆరు దశాబ్దములకు పైగా ఆ మాట కాగితముపైననే నిలిచినది. 1956లో అధ్యక్షుడైన జుసెలీనో కుబిచెక్ ఆ పనికి పూనుకొనెను. లూసియో కోస్టా నగర పథకమును గీసెను. ఆస్కార్ నీమేయర్ ప్రధాన భవనములను రూపొందించెను. నాలుగేండ్లు నిండకమునుపే, 1960 ఏప్రిల్ 21న, బ్రెజీలియా రాజధాని అయినది. ఆ తేదీని ఎన్నుకొనుటలో అర్థము కలదు. 1792లో అదే దినమున, స్వాతంత్ర్యమును కోరిన తిరదెంతిస్‌ను పోర్చుగీసు ప్రభుత్వము రియోలో ఉరితీసినది.

మరి ఆ నగరమును కట్టినవారి మాట యేమి? కరవు పీడించు ఈశాన్య ప్రాంతములనుండియు ఇతర ప్రాంతములనుండియు వేలకొలది కూలీలు వచ్చిరి. వారిని అచ్చట కాందాంగోలనిరి. కోస్టా పథకములో వారి గుడిసెలకు తావు లేకపోయెను. ప్రారంభోత్సవమునకు రెండేండ్లు ముందుగనే, 1958లో, వారికొరకు టగువాటింగా అను ఉపనగరమును దూరముగా నెలకొల్పవలసివచ్చినది.

1987లో బ్రెజీలియాను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. రాజధానిని తరలించుట నాలుగేండ్ల పని. కట్టినవారికి అందు చోటు కల్పించుట అంతకంటె కష్టతరమని ఈ నగర చరిత్ర మనకు తెలుపుచున్నది.