పైసా ఖర్చు లేని మెత్తదనం

పోయిన నెల మా ఇంట్లో టవల్ మీద గొడవైంది. వాషింగ్ మెషీన్లోంచి తీసి బాల్కనీలో ఆరేసిన టవల్ సాయంత్రానికల్లా అప్పడంలా తయారవుతోంది. మడత పెడితే విరుగుతుందేమో అన్నంత బిరుసు. మా ఆవిడ పరిష్కారం ఒక నీలం రంగు సీసా. నా పరిష్కారం ఒక ఎక్సెల్ షీటు :) వారానికెన్ని ఉతుకులు, ఉతుక్కెన్ని మూతలు, ఏడాదికెంత అని లెక్కగట్టి చూపించాను. ఆ ఊపులోనే ఒక ఉపన్యాసం కూడా ఇచ్చేశాను. "మా బాపమ్మ జీవితమంతా ధర్మపురిలో బతికింది. ఏ సీసా కొన్నది? చౌడు మట్టి, కుంకుడుకాయ, గోదారి నీళ్ళు. పైసా ఖర్చు లేదు. బట్టలు మాత్రం పువ్వుల్లా ఉండేవి."

ఫోను స్పీకర్లో ఉంది. అవతల మా బాపు వింటున్నాడు. "పైసా ఖర్చు లేదని ఎవలు చెప్పిండ్రురా నీకు? మనం ఇయ్యలే, గంతే" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ మొత్తం తప్పని తేలిపోయింది. అప్పట్నుంచీ తీరిక దొరికినప్పుడల్లా దీని గురించే చదువుతూ, బాపుని సతాయిస్తూ ఉన్నాను. తెలిసిన మటుకు రాస్తున్నా.

ముందు ఆ చౌడు సంగతి. మా వైపు సౌడు అంటారు. ఎండాకాలంలో చౌడు నేలల మీద తెల్లటి పొర తేలుతుంది. బట్టలుతకడానికి పనికొచ్చేది అందులోని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు. అంటే ఇవాళ డిటర్జెంటు పొడిలో కలిపే వాషింగ్ సోడాకి అన్నదమ్ములే. అది రెండు పనులు చేస్తుంది. జిడ్డుని విడగొడుతుంది, నీళ్ళల్లో ఉన్న కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని అడుక్కి దింపేస్తుంది. మనకి కావలసింది ఈ రెండోదే. కఠినమైన నీళ్ళల్లో సబ్బు వాడితే ఆ కాల్షియమే సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది. ఆ తెట్టు నూలు పోగుల మధ్య ఇరుక్కుని బట్టని బిరుసెక్కిస్తుంది.

కుంకుడుకాయది ఇంకో దారి. అందులో నురగనిచ్చేవి సపోనిన్లు. అవి సబ్బులాగా కాల్షియంతో తెట్టు కట్టవు, ఘాటైన క్షారమూ కాదు. పట్టు, ఉన్ని క్షారానికి పాడవుతాయి కాబట్టి వాటికి కుంకుడు రసం, నూలు బట్టలకి చౌడు. కెమిస్ట్రీ పుస్తకం ముట్టకుండానే మనవాళ్ళు చేసుకున్న పంపకం ఇది.

మూడోది నీళ్ళు. నదిలో పారే నీళ్ళకీ, భూమి లోపల రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచి ఖనిజాలు కరిగించుకుని వచ్చే బోరు నీళ్ళకీ ఎంత తేడానో తెలియాలంటే మా ఫ్లాట్లో నల్లాల మీద పేరుకున్న తెల్లటి పొర చూస్తే చాలు. బాపమ్మ చీర మెత్తదనంలో సగం క్రెడిట్ గోదావరికే ఇవ్వాలి. మనం నదిని వదిలి బోరుకొచ్చాం, ఆ తేడాని సీసాలో కొనుక్కుంటున్నాం. (బోరు ఒక్కటే ముద్దాయి కాదు లెండి. గాలాడని చోట ఆరేసినా నూలు బట్ట బిరుసెక్కుతుంది. పోగుల మీద మిగిలిపోయే కొద్దిపాటి నీరే వాటిని ఒకదానికొకటి అతికించేస్తుందని 2020లో జపాన్ హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో కంపెనీ పరిశోధకులు చూపించారు.)

ఇక్కడిదాకా అంతా మన ఇంజినీరు బుర్రకి నచ్చే కథే. బాపు అన్న మాట అర్థం కావాలంటే రేవుకి పోవాలి.

చౌడు ఇంట్లో డబ్బాలో ఉండే సరుకు కాదు. దాన్ని గీకి, మోసుకొచ్చి, నీళ్ళల్లో కలిపి, బట్టలు అందులో ముంచి, పెద్ద బాన మీద పేర్చి కింద మంట పెట్టాలి. ఆవిరికి మురికి వదులుతుంది. దాన్నే ఉబ్బ వెయ్యడం అంటారు. గంటల తరబడి ఆ మంట చూసుకోవాలి. తర్వాత మూటలు గాడిద మీదేసుకుని రేవుకి పోయి, మోకాల్లోతు నీళ్ళల్లో నిలబడి బండకేసి బాదాలి, జాడించాలి, ఆరెయ్యాలి. తెల్లబట్టలకి నీలిమందు పెట్టాలి. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూలకి ఒక గుర్తు. ఉబ్బకి కూడా పోని గుర్తు అది. మన భాషలో ప్రైమరీ కీ. చదువు రాదని మనం అనుకున్న మనిషి ఊరందరి బట్టల్నీ తారుమారు చెయ్యకుండా ఇళ్ళకి చేర్చేవాడు. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పట్టుచీర తట్టుకోలేని క్షారంలో రోజూ నానిన చేతుల సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. బాపు ఒకటే చెప్పాడు: ఆమె వేళ్ళ సందులు ఎప్పుడూ పగిలే ఉండేవట.

ఇందులో ఒక తమాషా ఉంది. అంత కష్టపడి ఉతికించుకున్న ధోవతినీ చీరనీ మెత్తగా కట్టుకున్నారా? లేదు. గంజి పెట్టి ఫెళఫెళలాడించారు! నలుగురిలోకి పోయేవాడికి బిరుసే దర్జా. మెత్తదనం పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ. అది కూడా పాత చీరలతోనే దొరికేది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి అరిగిన చీర పొత్తిగుడ్డ అయ్యేది, బొంత అయ్యేది. మా ఇంట్లో ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఏదైనా ఉందంటే అది కాలం, ఆమె చేతులు.

మరి ఆ చేతులకి ఏమిచ్చారు? పంట వచ్చినప్పుడు మేర కింద కొంత ధాన్యం. పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగితే ఇంత బువ్వ, ఇంత కూర. పెళ్ళికీ చావుకీ చెయ్యాల్సిన పనులు వేరు, పురుటి బట్టలూ మైల బట్టలూ వేరు. ఇది మామూలు ఇళ్ళ సంగతి. దొరల గడీలో ఈ మేర కూడా మాటవరసకే. నిజాం రాజ్యంలో తెలంగాణ ఊళ్ళల్లో చాకలివాళ్ళు దొరల ఇళ్ళల్లో బట్టలుతకడమే కాదు, అంట్లు తోమడం కూడా వెట్టి కిందే చేశారని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వివరంగా ఉంది. ఆ పోరాటంలో 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచి తన పంట తను ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి ఐలమ్మ చాకలి ఇంటి మనిషే. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు.

నిజాం పోయాడు, వెట్టి పోలేదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా ధర్మపురికి దగ్గర్లోనే, జగిత్యాలలో, 1978 సెప్టెంబర్ 7న జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర గురించి మీలో చాలామంది వినే ఉంటారు. భూములు, కూలిరేట్లు, వెట్టి అన్నీ అందులో ఉన్నాయి. నాకు కొత్తగా తెలిసింది వేరే. ఆ రోజుల్లో కొన్ని ఊళ్ళల్లో జనం దొరలని సాంఘికంగా బహిష్కరించారు. చాకలి బట్టలుతకడు, మంగలి గడ్డం గియ్యడు, జీతగాడు పశువుల్ని కాయడు. తుపాకీ కాదు, కత్తి కాదు... మూట ముట్టుకోకపోవడం! అదే ఏడాది అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలని ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. బట్టలు ఎవరుతకాలన్నది ఎంత పెద్ద ప్రశ్నో నాకు మొట్టమొదటిసారి అర్థమైంది ఇక్కడే. నేను పుట్టి పెరిగిన జిల్లా చరిత్ర ఇది. నా పాఠ్యపుస్తకంలో మాత్రం పానిపట్టు యుద్ధాలు మూడూ ఉన్నాయి.

సీసా కథ చిన్నదే. గత శతాబ్దం మొదట్లో అద్దకం మిల్లుల్లో నూలు బిరుసు పోగొట్టడానికి సబ్బూ నూనే కలిపిన ద్రావణం వాడేవాళ్ళు. తర్వాత డిటర్జెంట్లు, మెషీన్లు వచ్చాక అది ఇళ్ళల్లోకొచ్చింది. అమెరికాలో డౌనీ 1960లో, ఇంగ్లండులో కంఫర్ట్ 1969లో. మన దగ్గర నిర్మా మొదలైంది కూడా 1969లోనే. అందులో ఉండేవి ధనావేశం ఉన్న కొవ్వు అణువులు. తడి నూలుకి రుణావేశం ఉంటుంది కాబట్టి అవి పోగులకి అతుక్కుని ఒక జారుడు పూత పూస్తాయి. అంతే మ్యాజిక్కు. నెట్‌లో దొరికే చిట్కాల్లో వెనిగర్ కొంత నిజం. ఆఖరి జాడింపులో అరకప్పు తెల్ల వెనిగర్ పోస్తే మిగిలిపోయిన క్షారం పోతుంది. అది పోసి పక్కనే వంటసోడా కూడా వెయ్యమనేవాళ్ళు పదో తరగతి సైన్సు మళ్ళీ చదువుకోవాలి. బ్లీచింగ్‌తో మాత్రం వెనిగర్ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. చింతపండు రసం అంటారా, అది ఇత్తడి చెంబులకే ఉంచండి.

మా ఇంటి బట్టలుతికిన ఆమె మనవడు నా ఈడువాడే. 2015 పుష్కరాలకి ధర్మపురి పోయినప్పుడు రేవు దగ్గర కలిశాడు. గల్ఫులో ఒక పెద్ద లాండ్రీలో పనిచేసి వచ్చాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి టవల్ కథంతా చెప్పాను. నవ్వాడు.

"టవల్లకు ఆ మెత్తది పొయ్యద్దన్నా. పోస్తె నీళ్ళు గుంజయి. మా దగ్గర హోటల్ టవల్లకు పొయ్యనియ్యకపోదురు. పౌడర్ ఎంతేస్తున్నరు?"

చెప్పాను.

"సగం ఎయ్యిండ్రి. ఇంకోపారి జాడియ్యిండ్రి. ఆరేసేటప్పుడు గట్టిగ దులుపుండ్రి, గాలికెయ్యిండ్రి."

వెనిగర్ కలిపి అలాగే చేశాం. అప్పడం చపాతీ అయింది, పువ్వు మాత్రం కాలేదు. సీసా ఇంకా అలమారలోనే ఉంది, మా ఆవిడ చీరల కోసం.

ఫోను పెట్టేసేముందు, మా ఇంటి నుంచి వాళ్ళకి మేర ఎంత వచ్చేదో గుర్తుందా అని అడిగాను. ఏ పంటకి ఎన్ని కుంచాలో, ఏ కరువు ఏడు ఎగ్గొట్టామో ఆగకుండా చెప్పాడు. వాళ్ళ నాయనమ్మ లెక్క ఒప్పజెప్పి పోయిందట. సాయంత్రం బాపుని అదే అడిగాను. ఆయనకి తెలియదు.