అప్‌డేట్ వచ్చాక మిగిలే గంటలు

ఐరాలలో మేడ మీద చిన్న గది. బల్ల మీద లాప్‌టాప్, పక్కన లాడ్జి ఓనరు. ఆయన లాడ్జి ఇదే మండలంలోని కాణిపాకంలో ఉంది. వినాయక చవితి దగ్గర పడింది. ఆ రోజు మొదలయ్యే వరసిద్ధి వినాయకుడి బ్రహ్మోత్సవాలు 21 రోజులు సాగుతాయి. బెంగుళూరు, మద్రాసు జనం గదుల కోసం ఫోన్లలో వెతుక్కునేది ఇప్పుడే.

"గూగుల్లో మా లాడ్జి పేరు కొడితే ఏవో చైనా అక్షరాలు వస్తా ఉండాయి నాయనా" అంటున్నాడాయన.

మీరూ దగ్గరికొచ్చి చూడండి. అవి జపాన్ అక్షరాలు. లాడ్జి సైటు చిరునామా కింద వాచీలు, హ్యాండ్‌బ్యాగులు అమ్మే దొంగ అంగళ్ల పేజీలు వరసగా కనిపిస్తున్నాయి. సైటును నేరుగా తెరిస్తే మాత్రం అంతా మామూలే: గోపురం ఫొటో, గదుల అద్దె, ఫోన్ నంబరు. గూగుల్‌కి ఒకటి, మనిషికి ఇంకొకటి చూపిస్తోంది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

సైటు వర్డ్‌ప్రెస్‌తో కట్టింది. లాగిన్ అయి యూజర్ల జాబితా తెరిస్తే ముగ్గురు అడ్మిన్లున్నారు. ఓనరుకు తెలిసింది ఇద్దరే. ఫొటోలు దాచే అప్‌లోడ్స్ ఫోల్డర్లోకి వెళ్దాం. ఏడాదికొకటి, నెలకొకటి ఫోల్డర్లు. అన్నీ జేపీజీలే, ఒక్కటి తప్ప. దాని చివర పీహెచ్‌పీ అని ఉంది. ఫొటోల మధ్య ప్రోగ్రామ్‌కేం పని? తెరిస్తే తలాతోకా లేని అక్షరాల ముద్ద, ఒకే లైనులో. వచ్చినవాడు మళ్లీ రావడానికి పెట్టుకున్న దొడ్డిదారి అది. ప్లగిన్ల పేజీలో చాలావాటి కింద 'కొత్త వెర్షన్ ఉంది' అన్న పసుపు పట్టీ. ఎవరూ నొక్కలేదు.

"మనది పల్లెటూరి సైటు గదప్పా. మనకాడ ఏముందని వస్తారు?"

వాళ్లు ఊరు చూసి రారు. కన్నమున్న వెర్షన్ ఎక్కడుందో ప్రోగ్రాములు ఒక్కో సైటునూ తట్టుకుంటూ పోతాయి. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ అనే వర్డ్‌ప్రెస్ ప్లగిన్ విషయంలో జరిగింది ఇదే. 7 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ప్లగిన్ అది. అందులో ఉండకూడని ఒక నమూనా ఫైలు ఉండిపోయింది. దాన్ని పట్టుకుని, లాగిన్ లేకుండానే ఎవరైనా సైట్లోకి తమ ఫైలు ఎక్కించే వీలుండేది. 6.9 వెర్షన్లో ఆ కన్నం పూడ్చారు. పాత వెర్షన్‌తో ఉన్నవాళ్ల మీద దాడులు సాగుతూనే పోయాయి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పాత వెర్షన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ లైను మారిందో తెలిసిపోతుంది. మారిన చోటే కన్నం. అంటే అప్‌డేట్ విడుదలైన క్షణంలోనే దొంగకూ దారి తెలుస్తుంది. 2014 అక్టోబర్ 15న, వర్డ్‌ప్రెస్ లాగే సైట్లు కట్టే డ్రూపల్ ఒక పెద్ద లోపాన్ని సరిచేసింది. రెండు వారాలకు డ్రూపల్ బృందమే హెచ్చరించింది: ప్రకటన వెలువడిన 7 గంటల్లోపు సరిచేసుకోని డ్రూపల్ 7 సైట్లన్నీ దాడికి లోనైనట్టే అనుకోండి అని. 2017 జనవరి 26న వర్డ్‌ప్రెస్ 4.7.2 వచ్చినప్పుడు, అందులోని పెద్ద లోపం సంగతి దాదాపు వారం దాకా బయటపెట్టలేదు. ఆలోగా ఎక్కువ సైట్లు వాటంతటవే అప్‌డేట్ అయిపోవాలని. అయినా మిగిలిపోయిన సైట్లలో లక్షల పేజీలు చెడగొట్టారు.

ఈ దెబ్బ మన జిల్లా ఎరుగనిది కాదు. అదే ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ లోపానికి మందు ఇచ్చింది. మే 12న ఆ లోపం గుండానే వానాక్రై అనే దాడి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు, చిత్తూరు జిల్లాలోవి కూడా, దాని బారిన పడ్డాయి. తిరుపతిలో టీటీడీ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. మందు వచ్చి రెండు నెలలు కావస్తోంది అప్పటికి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఈ స్థితిలో ఉత్త అప్‌డేట్ చాలదు. అది తలుపు మూస్తుందేగానీ లోపల ఉన్నవాణ్ణి బయటికి పంపదు. ముందు ఉన్నదున్నట్టు ఒక కాపీ తీసి పక్కన పెట్టాలి. మూడో అడ్మిన్‌ని తీసేయాలి. అప్‌లోడ్స్‌లోని పీహెచ్‌పీ ఫైలు చెరిపేయాలి. వర్డ్‌ప్రెస్ ఫైళ్లు, ప్లగిన్లు మొత్తం కొత్తవి దించాలి, వాడనివి తీసిపారేయాలి. పాస్‌వర్డులన్నీ మార్చాలి, డేటాబేస్‌ది కూడా. కాన్ఫిగ్ ఫైల్లోని రహస్య తాళాలు మారిస్తే, ఎక్కడెక్కడ లాగినై ఉన్నవాళ్లయినా బయట పడతారు. చివరగా గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు యజమానులుగా ఎవరున్నారో చూడాలి. వచ్చినవాడు అక్కడా తన పేరు చేర్చుకునే అలవాటుంది. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ప్లగిన్లు కూడా తమంతట తామే అప్‌డేట్ అయ్యేలా పెట్టుకోవచ్చు. అదీ ఆన్ చేద్దాం.

"కట్టించినప్పుడే డబ్బులిచ్చేసినా గదా, మళ్లీ ఏడాదేడాదీ ఇయ్యాల్నా?"

ఇవ్వాల్సిందే అన్నా. లాడ్జికి సున్నం ఏడాదేడాదీ కొట్టిస్తారు గదా. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయినా, కాలేజీ అయినా, కల్యాణ మండపమైనా సైటు కట్టించే రోజే ఒక మాట కాగితం మీద రాయించుకోవాలి: అప్‌డేట్ వస్తే నొక్కేది ఎవరు, ఎన్ని గంటల్లో నొక్కాలి, బ్యాకప్ ఎక్కడుంటుంది. ఆ పేరు రాయని సైటుకు దిక్కు లేనట్టే. గది కోసం అంత దూరం నుంచి నమ్మి ఫోన్ నంబరు ఇచ్చే భక్తుడికి మనం బాకీపడే కనీస జాగ్రత్త అది.